ముందు అత్తగారి వేలిముద్ర, తర్వాత మరిది ప్రశ్న

ప్రశ్న: మాది తెనాలి. మా ఆయన ఎరువుల కొట్టు నడుపుతారు. ఎవరు ఏం అడిగినా ఆధార్ జిరాక్సు ఇచ్చేయడం ఆయనకు అలవాటు. నావి, అత్తయ్యవి, పిల్లలవి కాపీలు కొట్టులో ఒక కవర్లో ఎప్పుడూ రెడీగా ఉంటాయి. మొన్న అత్తయ్య పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే పది వేల చొప్పున రెండుసార్లు డబ్బు తీసినట్టు ఉంది. ఆవిడ బ్యాంకుకే వెళ్ళలేదు. ఏటీఎం కార్డు లేదు. ఓటీపీ రాలేదు, మెసేజ్ కూడా రాలేదు. బ్యాంకులో అడిగితే ‘వేలిముద్ర వేసి తీసుకున్నారు, మాకేం సంబంధం’ అన్నారు. మా ఆయనేమో ‘పోతే పోయాయి, పోలీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు’ అంటున్నారు.

ఇంకొకటి. పోయిన డిసెంబరులో సంచార్ సాథీ యాప్ వార్త వచ్చినప్పుడు, ప్రతి కొత్త ఫోన్లో ప్రభుత్వ యాప్ తప్పనిసరి అనడం నాకు నచ్చలేదని ఫ్యామిలీ గ్రూపులో రాశాను. మా మరిది ‘వదినా, నీ ఫోన్లో దాచుకునేంత రహస్యాలేమున్నాయి? తప్పు చేయనివాళ్ళకు భయమెందుకు?’ అని పెట్టాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. అప్పటి నుంచి నేను ఏ వార్త గురించి మాట్లాడినా ‘రహస్యాల వదిన వచ్చింది’ అంటున్నారు. నాది నిజంగా చాదస్తమేనా?

– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీది చాదస్తం కాదు. మీరు రెండు సంగతులు వేర్వేరుగా రాశారు గానీ, నాకు రెండూ ఒకటే అనిపించాయి. అదెలాగో తర్వాత చెబుతాను. ముందు డబ్బు సంగతి చూద్దాం, దానికి గడువుంది. ఈ సమాధానం వచ్చేసరికి ఆలస్యమవుతుందని ఆ భాగం మీకు విడిగా పంపాను. ఇలాగే డబ్బు పోగొట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్నవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మెషీన్ మీద వేలు పెట్టి కూలి డబ్బులు తీసుకుంటారు చూడండి, మీ అత్తగారి డబ్బు పోయింది ఆ దారిలోనే. దాన్ని ఏఈపీఎస్ అంటారు. బ్యాంకు శాఖ లేని పల్లెల్లో, ఆటో ఎక్కి మండల కేంద్రానికి వెళ్ళలేని పెద్దవాళ్ళకు అది నిజంగా మేలు చేసింది. ఆ విధానాన్నే ఎత్తేయాలని నేను అనను. కానీ అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియాలి, ఆధార్ నంబరు ఉండాలి, వేలిముద్ర పడాలి. అంతే. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఒక్కసారికి పది వేల దాకా తీయొచ్చు. పాస్‌బుక్‌లో సరిగ్గా పది వేల చొప్పున రెండు పద్దులు ఉండటానికి కారణం ఆ పరిమితే. ‘నేను ఓటీపీ ఎవరికీ చెప్పను, నాకేం కాదు’ అని ధీమాగా ఉండేవాళ్ళను రోజూ చూస్తుంటాం. ఇక్కడ ఓటీపీ ప్రసక్తే లేదు.

మరి వేలిముద్ర వాళ్ళకెలా దొరుకుతుంది? 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను పోలీసులకు దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటి మీద అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు వేసిన వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే యంత్రం మీద అచ్చు తీశాడు. వాటితో వాళ్ళ పేర్ల మీద వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు, తన అమ్మకాల టార్గెట్ కోసం. ఆధార్ వివరాలూ ఆ దస్తావేజుల్లోనే ఉన్నాయి. తర్వాత ఇదే పద్ధతిలో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలు కూడా పట్టుబడ్డాయి. మీ అత్తగారి విషయంలో వేలిముద్ర ఎక్కడ నుంచి పోయిందో పోలీసులు తేల్చాలి. దారి ఏదైనా, వాళ్ళ చేతిలో అచ్చు ఉన్నట్టే లెక్క. కాబట్టి ‘పోతే పోయాయి’ అనుకోవడానికి లేదు. పోయిన ఇరవై వేలతో ఇది ఆగదు. ఆ ఖాతాలో ఎప్పుడు డబ్బు పడితే అప్పుడు వాళ్ళు మళ్ళీ తీయగలరు.

ముందు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇది సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫిర్యాదు నంబరు రాసుకుని, పాస్‌బుక్ పేజీ జిరాక్సుతో పోలీస్ స్టేషన్‌కూ, బ్యాంకుకూ వెళ్ళాలి. బ్యాంకులో నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. అర్జీ రాసి ఇవ్వండి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ రెండు పద్దులు ఏ ఊళ్ళో, ఏ ఏజెంటు మెషీన్ మీద జరిగాయో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఆ వివరం బ్యాంకు దగ్గర ఉంటుంది. మీ అత్తగారు తెనాలిలో ఉన్న రోజున ఎక్కడో వేరే ఊళ్ళో వేలు పడినట్టు తేలితే ఇంకా వాదించాల్సిన పనే ఉండదు. ఆధార్ వెబ్‌సైట్లో లాగిన్ అయితే గత ఆరు నెలల్లో ఆవిడ ఆధార్‌ను ఎప్పుడెప్పుడు, ఏ సంస్థ ద్వారా, వేలిముద్రతోనా ఓటీపీతోనా వాడారో చరిత్ర కనిపిస్తుంది. అది కూడా ప్రింట్ తీసి అర్జీకి జతచేయండి.

‘మాకేం సంబంధం’ అని బ్యాంకు అనడానికి వీల్లేదు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ఖాతాదారు తప్పు లేకుండా బయటివాళ్ళ మోసం వల్ల డబ్బు పోయినప్పుడు, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద నష్టం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే ఖాతా రకాన్ని బట్టి కొంత భరించాల్సి రావొచ్చు. తప్పు ఖాతాదారుదే అని బ్యాంకు అంటే, దాన్ని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. మీకు మెసేజ్ రాలేదు, పాస్‌బుక్ చూసిన రోజే తెలిసింది. ఆ ముక్క అర్జీలో మొదటి వాక్యంగా రాయండి, ఎంట్రీ వేయించిన తేదీతో సహా.

ఇక తాళం సంగతి. ఆధార్ యాప్‌లో గానీ, వెబ్‌సైట్లో గానీ ‘బయోమెట్రిక్ లాక్’ అని ఉంటుంది. అది పెడితే వేలిముద్ర, కంటిపాప, ముఖం మూడూ పనిచేయవు. అచ్చు ఎవరి దగ్గరున్నా మెషీన్ తిరస్కరిస్తుంది. ఇందుకు ఆవిడ ఫోన్ నంబరు ఆధార్‌కు లింక్ అయి ఉండాలి. లేకపోతే ముందు ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి ఆ పని చేయించండి. మీ ఇంట్లో అందరికీ ఈ లాక్ పెట్టేయండి, పావుగంట పని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దీన్ని ఎవరూ చెప్పక జనం ఇబ్బంది పడుతున్నారు. ఇంట్లో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళుంటే, ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది గుమ్మంలోకి వచ్చి వేలు పెట్టమన్నప్పుడు లాక్ ఉంటే మెషీన్ తీసుకోదు. ముఖం ఫొటో కూడా పడదు. ఆ కంగారులో ‘ఈ లాకులూ గీకులూ ఎందుకు పెట్టావే’ అని కోడళ్ళకు చీవాట్లు పడతాయి. రేషన్ షాపులోనూ అంతే. దానికి యాప్‌లోనే తాత్కాలికంగా తెరిచే వీలుంది. తెరిస్తే పది నిమిషాలు తెరుచుకుని మళ్ళీ దానంతటదే పడిపోతుంది. సచివాలయం వాళ్ళు పక్క వీధిలో ఉన్నారనగానే తెరవండి, సరిపోతుంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు ఇది చేసిపెట్టే మనిషి ఉండరు. అలాంటివాళ్ళ కోసం బ్యాంకులే, అడిగితే గానీ వేలిముద్ర విత్‌డ్రాయల్ తెరవకుండా ఉంచాలని నా గట్టి అభిప్రాయం. ఏజెంట్లను చేర్చుకునే ముందు వాళ్ళ వివరాలు పూర్తిగా తనిఖీ చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బ్యాంకులకు ఆదేశాలిచ్చింది, 2026 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. మంచిదే, కానీ అది ఏజెంటు వైపు జాగ్రత్త. ఖాతాదారు వైపు జాగ్రత్త ఇప్పటికీ ఖాతాదారుకే వదిలేశారు.

ఇప్పుడు మీ ఆయన కవరు గురించి.

ఏదైనా నెట్ సెంటర్‌కు వెళ్ళినప్పుడు ఒకసారి ఆ కంప్యూటర్ తెర వైపు చూడండి. గోడ మీద ‘ఈ నంబరుకు వాట్సాప్ చేయండి’ అని కాగితం అంటించి ఉంటుంది. మనం ఆధార్ పంపుతాం, ఆ అబ్బాయి డౌన్‌లోడ్ చేసి ప్రింట్ ఇస్తాడు, అయిదు రూపాయలు తీసుకుంటాడు. ఫైలు మాత్రం ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరివీ అక్కడే ఉంటాయి, పేర్లతో, పుట్టిన తేదీలతో, వరసగా. పాస్‌వర్డ్ ఉంది కదా అంటే, పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం అని పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఆ కుర్రాడు దొంగ అని నేను అనడం లేదు. ఫైళ్ళు చెరిపేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఇకముందు ప్రింట్ చేతికి రాగానే ‘బాబూ, ఆ ఫైలు డిలీట్ చెయ్యి, వాట్సాప్‌లోది కూడా’ అని నిలబడి చేయించండి. ఏమీ అనుకోరు.

జిరాక్సుకు బదులు ‘మాస్క్‌డ్ ఆధార్’ వాడొచ్చు. అందులో పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపిస్తాయి. లాడ్జిలో గది తీసుకోవడానికో, కొరియర్ ఆఫీసులోనో పేరూ ఫొటో తెలిస్తే చాలు గనుక అది సరిపోతుంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయమే ఈ మాట చెబుతూ, జిరాక్సులు అందరికీ ఇవ్వొద్దని ప్రకటన చేసింది. జనం కంగారు పడేసరికి రెండు రోజుల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది, అపార్థం చేసుకునే అవకాశం ఉందని. నన్నడిగితే ఆ ప్రకటనలో చెప్పింది మంచి మాటే, దాన్ని తీసేయడమే పొరపాటు. మాస్క్‌డ్ కాపీ ఒప్పుకోని చోట, మామూలు జిరాక్సు మీద అడ్డంగా ‘ఫలానా పని కోసం మాత్రమే’ అని రాసి తేదీ వేసి సంతకం పెట్టి ఇవ్వండి. మోసాన్ని అది పూర్తిగా ఆపలేదు. అదే కాగితాన్ని ఇంకోచోట వాడటం మాత్రం కష్టమవుతుంది.

బట్టల షాపులో బిల్లు దగ్గర ‘మేడమ్, ఫోన్ నంబర్’ అంటారు కదా, అదీ ఇవ్వనక్కర్లేదు. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ షాపులవాళ్ళకు సూచన జారీ చేసింది. ‘వద్దండీ’ అంటే చాలు.

ఇక మరిది ప్రశ్న. ‘దాచుకునేంత రహస్యాలేమున్నాయి?’

దీనికి జవాబు మీ ఆయన కొట్టులోనే ఉంది. ఎరువుల కొట్టంటే అప్పు ఖాతాలుంటాయి. ఏ రైతు ఎంత బాకీ ఉన్నాడో, ఎవరు పోయిన పంటది ఇంకా కట్టలేదో మీ ఆయనకు తెలుసు. ఆ పుస్తకం తీసి ఒక రైతు లెక్క ఇంకో రైతుకు చూపిస్తారా? చచ్చినా చూపించరు. బాకీ ఉండటం నేరమా? కాదు. ఆ రైతు దాచాల్సిన తప్పేమైనా చేశాడా? లేదు. అయినా అది ఎవరికి చెప్పాలో చెప్పుకోవాల్సింది ఆ రైతే. వ్యాపారం చేసే ప్రతివాడూ దీన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తాడు. మీరు గ్రూపులో అడిగిందీ అదే. నా ఫోన్లో ఏముండాలో నేను నిర్ణయించుకోవాలి అన్నారు. అందులో నవ్వడానికి ఏముంది?

పైగా ఇది మీరు కొత్తగా కనిపెట్టిన మాట కాదు. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైన పుట్టస్వామి అనే పెద్దాయన 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికే ఆయన వయసు ఎనభై దాటింది. వ్యక్తిగత గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం కోర్టులో వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, అది ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. తర్వాతి ఏడాది సెప్టెంబరులో ఆధార్‌ను కోర్టు నిలబెట్టింది గానీ, బ్యాంకు ఖాతాకూ సిమ్ కార్డుకూ ఆధార్ తప్పనిసరి అనడాన్ని కొట్టేసింది. ఇప్పుడు మనం సిమ్ తీసుకునేటప్పుడు ఇంకో గుర్తింపు కార్డు చూపించగలుగుతున్నామంటే అది ఆ పోరాటం వల్లే. మీ మరిది జేబులోని సిమ్‌కు కూడా ఆ తీర్పు వర్తిస్తుంది.

సంచార్ సాథీ విషయంలో మీ మరిది మాటలో ఒక సగం నిజం ఉంది, దాన్ని మీరు ఒప్పుకోవాలి. ఆ యాప్ పనికిమాలినదేం కాదు. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించొచ్చు, సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు అది దొంగసొత్తో కాదో చూసుకోవచ్చు, మోసపు కాల్స్ మీద ఫిర్యాదు చేయొచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూపిస్తుంది. పెద్దపల్లి లాంటి కేసులు విన్నాక ఆ చివరిది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. మీ అభ్యంతరం వీటిలో దేని మీదా కాదు. 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇచ్చిన ఉత్తర్వు మీద. దేశంలో అమ్మే కొత్త ఫోన్లన్నిటిలో 90 రోజుల్లోగా ఈ యాప్ ముందే వేసి ఉంచాలి, దాని పనులు ఆపేయడానికి వీలుండకూడదు, అప్పటికే షాపులకు చేరిన ఫోన్లకు అప్‌డేట్ ద్వారా పంపే ప్రయత్నం చేయాలి అని అందులో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ యాప్ కాల్స్, మెసేజ్‌ల అనుమతులు కూడా అడుగుతుంది. ఇవాళ దాన్ని మంచి పనికే వాడతారనుకుందాం. రేపు అప్‌డేట్‌లో ఇంకేదో చేరిస్తే వద్దనే వీలు మనకుండాలి కదా.

ఆ వార్త బయటికి రాగానే దేశమంతా గొడవైంది. డిసెంబరు 2న మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, వద్దనుకుంటే యాప్ తీసేసుకోవచ్చని చెప్పారు. మర్నాడే ముందస్తుగా వేసి ఉంచాలన్న ఆదేశాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అంటే మీ ఫ్యామిలీ గ్రూపులో నవ్విన మాటనే ప్రభుత్వం విని, సరే అంది. ఇలా జరగడం మొదటిసారి కూడా కాదు. కరోనా రోజుల్లో 2020 మే 1న ఉద్యోగులందరికీ ఆరోగ్య సేతు యాప్ తప్పనిసరి అన్నారు. విమర్శలొచ్చాక ఆ నెల 17 నాటికి, వీలైనంతవరకు వేయించండి అని మార్చారు. అడిగితే మారుతుంది. అడిగినవాళ్ళను దేశం మీద అభిమానం లేనివాళ్ళన్నట్టు చూడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది, అదీ సొంత ఇంట్లోవాళ్ళే.

‘తప్పు చేయనివాళ్ళకు భయమెందుకు’ అన్న మాటకు ఇంకో జవాబు తెలంగాణలో ఉంది, అది మీ మరిది తప్పక వినాలి. అక్కడ ప్రభుత్వం వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలన్నీ కంప్యూటర్లో కలిపి, ఎవరు అనర్హులో లెక్కగట్టి రేషన్ కార్డులు రద్దు చేసింది. ఇంటికెళ్ళి చూసింది లేదు, ముందుగా నోటీసు ఇచ్చింది లేదు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 ఏప్రిల్‌లో కోర్టు దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. ఆలోచించండి. మన పేరే ఉన్న ఇంకెవరిదో కారు మనదేనని కంప్యూటర్ లెక్కగడితే, మనం కారున్నవాళ్ళమని మనకు బియ్యం ఆగిపోతాయి. మనం చేసిన తప్పేమీ లేదు, దాచిందీ లేదు. మన వివరం ఎక్కడ, ఎవరు, దేనితో కలిపారో మనకు తెలియకపోవడం వల్ల, తెలిసినా సరిదిద్దమని అడిగే చోటు లేకపోవడం వల్ల ఆ కష్టం వస్తుంది. అన్నం దగ్గరే ఇలా జరిగింది. మీ అత్తగారి ఇరవై వేలు కూడా ఇలాగే పోయాయి. ఆవిడ దాచిన రహస్యం ఒక్కటి లేదు. మీ రెండు సంగతులూ ఒకటే అని మొదట్లో అన్నది ఇందుకే.

చట్టం ఉంది కదా అని ఎవరైనా అంటే, ఉంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు రావడానికి రెండేళ్ళు దాటింది, 2025 నవంబరులో ప్రకటించారు. మన వివరాలు తీసుకునేవాళ్ళు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, పని అయ్యాక చెరిపేయాలి, నిర్లక్ష్యం వల్ల బయటికి పోతే 250 కోట్ల దాకా జరిమానా. కానీ కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ప్రభుత్వం తన సంస్థలను చట్టం నుంచి మినహాయించుకునే వీలు కూడా పెట్టుకుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇంకొకటి. ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో ఒక నిబంధన మార్చేశారు. వ్యక్తిగత సమాచారం అయినా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న షరతు ఆ నిబంధనలో ఉండేది, దాన్ని తీసేశారు. చట్టంలో మరోచోట ప్రజాప్రయోజనం మాట మిగిలే ఉంది గానీ, అధికారి ‘ఇది వ్యక్తిగతం’ అని అర్జీ తిప్పి పంపడం తేలికైంది. ఉపాధి హామీ పనుల్లో ఎవరి పేరున ఎంత రాశారో గ్రామసభలో చదివి వినిపించే సామాజిక తనిఖీకి దారి చూపించింది మన ఆంధ్రప్రదేశే. అలాంటి చోట దొంగ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు, రాసినవాడికి ఈ మార్పు అండగా నిలుస్తుందని నా భయం. మామూలు మనిషి వివరాలకు కాపలా ఉండాలి, ప్రభుత్వ ఖర్చు లెక్కకు ఉండకూడదు. ఈ చట్టం రెండో దానికే ముందుగా తలుపు మూసింది. కంపెనీల మీద బాధ్యతలకేమో గడువిచ్చారు గానీ, ఈ మార్పును మాత్రం ఆ నవంబరులోనే అమలు చేశారు.

ఇంట్లో ఎలా నెగ్గుకు రావాలో కూడా మీరు అడక్కుండానే అడిగారు. గ్రూపులో మాత్రం వాదించకండి. పదిమంది చూస్తున్నప్పుడు ఎవరూ తన మాట వెనక్కి తీసుకోరు, ఆ నవ్వే బొమ్మలు ఇంకో నాలుగు ఎక్కువవుతాయి. మీ ఆయనతో కొట్టులోనే మాట్లాడండి. సబ్సిడీ ఎరువు అమ్మేటప్పుడు పీఓఎస్ మెషీన్ మీద రైతు వేలు పెట్టించేది ఆయనే కదా. రోజూ ఎంతోమంది వేళ్ళు, ఆధార్ నంబర్లు ఆయన చేతుల మీదుగా వెళ్తాయి. వేళ్ళు అరిగిపోయి ముద్ర పడని రైతుల అవస్థ ఆయనకు తెలిసినంతగా నాకూ మీకూ తెలియదు. ‘పోలీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు’ అన్నది విసుగుతో అన్న మాటే అయి ఉంటుంది. రైతులు ఆయన్ను నమ్మి వేలు పెడుతున్నారు, అత్తయ్య కూడా ఎవరినో నమ్మే ఎక్కడో వేలు పెట్టి ఉంటారు అని నెమ్మదిగా చెప్పండి. ఆ కవరులోని జిరాక్సులు ఇంటి బీరువాలోకి తెచ్చుకోవడానికి అంతకన్నా పెద్ద వాదన అక్కర్లేదు. రైతులు ఇచ్చిన పాత జిరాక్సులు కొట్టులో కట్టలుగా ఉంటే, ప్రభుత్వానికి చూపాల్సినవి ఉంచి మిగతావి చించి తగలబెట్టమనండి. పొట్లాలకు మాత్రం పోకూడదు.

మరిదికి మాత్రం ఒక పని అప్పజెప్పండి. డబ్బు పోయింది వాళ్ళమ్మది. అతను మెచ్చుకుంటున్న సంచార్ సాథీ వెబ్‌సైట్లోనే, యాప్ వేసుకోకుండానే, అత్తగారి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడమనండి. ఆవిడ నంబరు కొట్టి ఓటీపీ పెడితే జాబితా వస్తుంది. తెలియని నంబరు కనిపిస్తే ‘ఇది నాది కాదు’ అని అక్కడే నొక్కొచ్చు. అలాంటిది ఒక్కటి దొరికినా పోలీసు ఫిర్యాదులో చేర్చాలి. బ్యాంకుకు కూడా అతన్నే వెంట పంపండి, ముద్ర వేసిన నకలు తెచ్చే బాధ్యత అతనిది. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయాలి. ఆ దశ దాకా వస్తే బ్యాంకు ఇచ్చిన కాగితాలు ఫొటో తీసి నాకు పంపండి, అత్తగారి ఆధార్, ఖాతా నంబర్లు నల్లగా కొట్టేసి. అర్జీ ఎలా రాయాలో చెబుతాను.